వగరున్న తొక్కలోనే రంగు: పండ్ల తొక్కలతో బట్టలకు రంగులు వేసిన నా అనుభవం

దానిమ్మ గింజ ఎంత ఎర్రగా ఉన్నా, దాని తొక్కతో బట్టకు వచ్చేది పసుపు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తొక్కలతో రంగులు అనగానే చాలామంది పండు ఏ రంగులో ఉంటే బట్ట ఆ రంగులోకి వస్తుందనుకుంటారు. కంటికి కనిపించే రంగు చాలావరకు రసంలో ఉంటుంది, అది ఉతికితే పోతుంది, ఎండకి వెలిసిపోతుంది. బట్టను పట్టుకుని ఉండిపోయే రంగు తొక్కలో, కొబ్బరి డొక్కలో, టెంకలో ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి నాలుక చాలు. తొక్క ముక్క కాస్త కొరికితే నోరంతా పట్టేసినట్టు వగరుగా ఉందనుకోండి, అది రంగుకు పనికొస్తుంది. ఆ వగరు టానిన్లు అనే పదార్థాల వల్ల వస్తుంది, మనకు కావలసిందీ అవే.

మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. బీచ్ రోడ్డులో సాయంత్రం పూట నడిచేవాళ్ళకి తెలుసు, కొబ్బరి బొండాలు కొట్టే బండ్ల వెనకాల డొక్కలు ఎలా గుట్టలు పడతాయో. జ్యూస్ షాపుల దగ్గర సంచుల కొద్దీ దానిమ్మ, బత్తాయి తొక్కలు. ఇదంతా తడి చెత్తలో కలిసి కాపులుప్పాడ చెత్త యార్డు వైపు పోవలసిందే కదా అని ఎప్పుడూ అనిపించేది. నాకు చేనేత బట్టలంటే ప్రాణం, రంగులు ఎలా వేస్తారన్న కుతూహలం చిన్నప్పటి నుంచీ ఉంది. కలంకారీలో పసుపుకి దానిమ్మ తొక్క వాడతారని తెలిశాక ఇక ఆగలేకపోయాను.

మా వీధి చివర జ్యూస్ షాపు ఆయన్ని అడిగాను, దానిమ్మ తొక్కలు విడిగా ఒక బకెట్లో వేసి ఉంచగలరా అని.

"ఏటి మేడం, ఆవుందా మీకు?"

"లేదు బాబూ, బట్టలకి రంగు వేస్తాను."

"రంగేటండీ! మరకైతే మాత్రం చచ్చినా పోదు, ఇదిగో చూడండి" అని బల్ల తుడిచే గుడ్డ తీసి చూపించాడు. ఒకప్పుడు తెల్ల గుడ్డే. దానిమ్మ తడి తుడిచిన చోటల్లా ముదురు పసుపు మరకలు, అంచులు గోధుమ రంగులో. మధ్యలో మాత్రం నల్లటి చారలు, వేలెడు పొడవున, ఒకదాని పక్కన ఒకటి. అవేంటని అడిగితే, బొండాలు కొట్టే ఇనప కత్తి అదే గుడ్డకి తుడుస్తానన్నాడు. నేను ఇంట్లో చేయబోయే పనంతా ఆ గుడ్డ మీదే ఉంది. వగరు నీళ్ళు తగిలిన నూలు పసుపెక్కింది, ఆ వగరుకి ఇనుము తగిలిన చోట నల్లబడింది. ఆ గుడ్డ ఇమ్మని అడిగాను, నవ్వి ఇచ్చేశాడు. ఇప్పటికీ నా రంగు నమూనాల పుస్తకంలో మొదటి పేజీకి కుట్టి ఉంది.

తొక్కలు ఎండబెట్టడం చెప్పినంత తేలిక కాదు, ముఖ్యంగా మన ఊళ్ళో. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, వానాకాలంలో అయితే రాత్రికి రాత్రే బూజు పట్టేస్తుంది. తొక్కలోపలి తెల్లటి పొరల్ని ఉంచవచ్చు, వాటిలోనూ వగరుంది, కానీ అంటుకున్న గింజలు ఒక్కటి కూడా లేకుండా ఏరేయాలి, తీపి ఉంటే చీమలు, పులుపు వాసన, ఆ వెనకే బూజు. కడిగి, చిన్న ముక్కలుగా తుంచి, డాబా మీద పాత రేకు మీద పలచగా పరిచి, సాయంత్రం మంచు పడకముందే లోపలికి తెచ్చేస్తాను. విరిస్తే టక్కుమని విరగాలి, వంగితే ఇంకా తడి ఉన్నట్టే. మూడు కిలోల పచ్చి తొక్క ఎండితే కిలోకి అటూ ఇటూగా తేలుతుంది. ఎండాకాలంలో ఎండబెట్టి గాలి చొరని డబ్బాల్లో నిల్వ చేసుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు.

ఇక బట్ట. నేను వాడింది కోరా నూలు బట్ట, పొందూరు వైపు నుంచి తెప్పించిన ఖాదీ కొంత. పొందూరు ఖాదీ గురించి ఉత్తరాంధ్రలో ఎవరికీ చెప్పక్కర్లేదు, వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి, చేత్తో వడికిన నూలు అది. అలాంటి బట్ట మీద రసాయన రంగు వేయాలంటే నాకు మనసొప్పదు. అయితే ఎంత మంచి బట్టయినా సరే, మగ్గం మీద నుంచి వచ్చినదానికి గంజి, పత్తిలో సహజంగా ఉండే మైనం, చేతి జిడ్డు అన్నీ ఉంటాయి. అవి పోకుండా రంగులో ముంచితే మచ్చలు మచ్చలుగా పడుతుంది. అరకిలో బట్టకి రెండు చెంచాల చాకలి సోడా, కాస్త కుంకుడు రసం వేసి పెద్ద స్టీలు గిన్నెలో గంటసేపు ఉడకబెట్టాను. తెల్లగా, శుభ్రంగా కనిపించిన బట్టలోంచి నీళ్ళు టీ రంగులో దిగాయి. పారబోసి మళ్ళీ ఉడకబెట్టాను, నీళ్ళు తేటగా వచ్చేదాకా. ఉడికిన బట్ట మీద నీటి చుక్క వేస్తే జారకుండా వెంటనే ఇంకిపోవాలి, అప్పుడే సిద్ధమైనట్టు. ఈ పనికి ఎవరూ ఫొటోలు తీయరు గానీ మొత్తం ఫలితం సగానికి పైగా ఇక్కడే తేలిపోతుందని నా గట్టి నమ్మకం.

నీళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా ఇంట్లో మున్సిపల్ కుళాయి నీళ్ళు వస్తాయి. మా ఆడపడుచు వాళ్ళది బీచ్‌కి దగ్గర అపార్ట్‌మెంట్, పూర్తిగా బోరు నీళ్ళు. తొక్కలు కాచిన కషాయం సీసాలో పట్టుకెళ్ళి వాళ్ళింట్లో ఒక గ్లాసులో బోరు నీళ్ళు పోసి కలిపి చూద్దామంటే, "వదినా, మా నీళ్ళతో టీ పెడితేనే నల్లగా అయిపోతుంది, నీ రంగేం బతుకుతుంది" అంది. అన్నట్టే అయింది. పసుపు కషాయం చూస్తుండగానే పచ్చిమన్ను రంగుకి తిరిగింది. ఆ నీళ్ళలో ఇనుముంది, టీలోనూ టానిన్లే, దానిమ్మ తొక్కలోనూ టానిన్లే, అందుకే రెండూ ఒకేలా నల్లబడతాయి. కాబట్టి మీ ఇంట్లో టీ రంగు ఎలా వస్తుందో చూసుకోండి, బట్ట రంగు ఎలా వస్తుందో అదే చెబుతుంది. నాకైతే అన్నిటికన్నా నిగ్గయిన పసుపు వాన నీళ్ళతో వచ్చింది. వానాకాలంలో తొక్కలు ఎండవు, వాన నీళ్ళు దొరకవలసింది ఆ కాలంలోనే, అందుకే డ్రమ్ములో పట్టి మూత పెట్టి ఉంచుకుంటున్నాను.

తర్వాతిది కరక్కాయ. పట్టు, ఉన్ని అయితే పటికను తేలిగ్గా పట్టుకుంటాయి, జంతువుల నుంచి వచ్చినవి కాబట్టి. నూలు అలా కాదు, దానికి ముందు వగరు పట్టించాలి, ఆ వగరు పటికను పట్టుకుంటుంది, పటిక రంగుని పట్టుకుంటుంది. కలంకారీవాళ్ళు బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన దాంట్లో ముంచేది మొదటి పనిగా చేయడం వెనక ఉన్న లెక్క ఇదే, పాలలో కొవ్వు వల్ల రంగు పక్కలకి పాకదు కూడా. నేను గీతలు గీయడం లేదు, మొత్తం ముంచడమే కాబట్టి పాలు అక్కర్లేదు. పూర్ణా మార్కెట్లో కరక్కాయలు, పటిక రెండూ దొరికాయి. అరకిలో బట్టకి వంద గ్రాముల దాకా కరక్కాయ పొడి వేడి నీళ్ళలో కలిపి, బట్టను రాత్రంతా నానబెట్టి, జాడించకుండా పిండి నీడలో ఆరేశాను. మర్నాడు వంద గ్రాముల పటిక వేడి నీళ్ళలో పూర్తిగా కరిగించి దాంట్లో ఇంకో రాత్రి. దానిమ్మ తొక్కలోనే బోలెడు టానిన్లు ఉంటాయి కదా, కరక్కాయ ఎందుకని అడుగుతారు కొందరు. కరక్కాయ లేకుండా కూడా ఒక ముక్క వేసి చూశాను. రంగు వచ్చింది, కానీ పక్కపక్కన పెడితే కరక్కాయ పెట్టిన ముక్క నిండుగా, ఒక్క తీరుగా ఉంది, రెండోది కాస్త వెలవెలబోయింది. అయితే కరక్కాయ తనంతట తనే లేత పసుపు ఇస్తుంది, కాబట్టి తొక్క రంగు మాత్రమే చూడాలనుకునేవాళ్ళు రెండు రకాలుగానూ ముక్కలు వేసుకుని పోల్చుకోవడం మంచిది.

రంగు గిన్నె దగ్గరకి వచ్చేసరికి పని తేలికే. ఎండు తొక్కలు బట్ట బరువుతో సమానం, అంటే అరకిలోకి అరకిలో. రాత్రి నానబెట్టి, పొద్దున గంటసేపు సన్న సెగ మీద కాచి, పలచటి గుడ్డలో వడగట్టాలి. ఆ కషాయం నాలుక మీద చుక్క వేసుకుంటే ముఖం ముడుచుకుపోతుంది. తడిపిన బట్టను దాంట్లో వేసి, మరిగించకుండా, ఆవిరి వస్తూ ఉండే వేడి మీద గంటసేపు. ఈ గంటా అక్కడి నుంచి కదలకూడదు. చెక్క తెడ్డుతో బట్టను తిప్పుతూనే ఉండాలి, మడతలు విప్పుతూ, పైకి తేలిన బుడగల్ని కిందికి నొక్కుతూ. తిప్పకపోతే మడత పడ్డ చోట తెల్ల గీత ఉండిపోతుంది, అది మళ్ళీ ముంచినా పూర్తిగా కలవదు. పొయ్యి ఆపాక బట్టను అందులోనే చల్లారనివ్వాలి, రాత్రంతా ఉంచితే మరీ మంచిది. తీసి జాడిస్తే, మొదట నీళ్ళలోకి చాలా రంగు దిగుతుంది, కంగారుపడక్కర్లేదు, అది పట్టని రంగు. రెండు మూడు జాడింపుల తర్వాత నీళ్ళు తేటపడ్డాయి. దండెం మీద ఆరేసిన ఆ ఖాదీ పసుపు ఎలా ఉందంటే, మాగిన బంగినపల్లి పై తోలులా, కొంచెం బంగారం కొంచెం ఆకుపచ్చ కలిసినట్టు. మా అత్తయ్య కిందనుంచి పైకి వచ్చి చేత్తో పట్టుకుని చూసి, "ఇది చీరైతే నేనే కట్టుకుందును" అంది. ఆవిడ మెచ్చుకోలు అంత సులువుగా రాదు, నాకు ఆ రోజంతా కాలు నేల మీద నిలవలేదు.

అన్నిటికంటే నన్ను కట్టిపడేసింది మాత్రం ఇనుము. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప ఉప్పు) బట్ట బరువులో నూటికి ఒక వంతు చాలు, అరకిలోకి ఐదు గ్రాములు. గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, పసుపు బట్టలో ఒక ముక్క అందులో ముంచాను. ముందు అంచు రంగు మారింది, తర్వాత నీళ్ళు ఎక్కిన మేరకు లోపలికి, పోగు తర్వాత పోగు, పసుపు కాస్తా పచ్చి ఆలివ్ రంగులోకి, ఇంకొంచెం ఉంచితే బూడిద కలిసిన ఆకుపచ్చలోకి. ఒక నిమిషం, రెండు నిమిషాలు, ఐదు నిమిషాలు అని ముక్కలు విడివిడిగా తీస్తే ఒకే గిన్నెలోంచి మెట్లు మెట్లుగా రంగులొచ్చాయి. ఇనుము ఎక్కువైతే నూలు పోగు బలం తగ్గుతుంది, కొన్నాళ్ళకి చిరుగుతుంది, అందుకే ఆ ఒక్క వంతు దాటనివ్వను, తూకం లేకుండా చిటికెలతో వేయడం నాకు ఇష్టం ఉండదు. కలంకారీలో నల్ల గీతలకు తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వేసి వారాల తరబడి పులియబెడతారు. అనకాపల్లి బెల్లం మనకు పక్కనే కాబట్టి నేనూ ఒక కుండలో పాత మేకులు, బెల్లం వేసి మూలన పెట్టాను. వాసన ఘాటుగానే ఉంటుంది, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. ఆ నీళ్ళతో నలుపు అన్నభేది కన్నా మెత్తగా, వెచ్చగా వస్తోంది.

బొండాం డొక్కల విషయం వేరు. ఇవి ఎండినవాటి కంటే పచ్చివే మేలు. డొక్క లోపలి పీచు కోసిన కాసేపటికి గాలి తగిలి గులాబీ గోధుమ రంగుకి తిరుగుతుంది చూడండి, ఆ రంగే బట్టకు వచ్చేది. కత్తితో పీచును చీల్చి ముక్కలు చేయడం నా వల్ల అయ్యే పని కాదు, బండి అన్నయ్యే కొట్టి ఇచ్చాడు, పది రూపాయలిస్తే తీసుకోలేదు, ఓ బొండాం కొనుక్కోమన్నాడు. బట్టకు రెండు మూడింతల బరువు డొక్కలు వేసి, రెండు గంటలు కాచి, అలాగే వదిలేసి, మర్నాడు మళ్ళీ కాచాను. ఎంత సేపు కాస్తే అంత ఎరుపు తేలుతుంది. పటిక పెట్టిన ఖాదీ మీద లేత గులాబీ కలిసిన గోధుమ రంగు వచ్చింది, ఇసుక తడిసినప్పుడు ఉండే ఛాయ.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బత్తాయి తొక్కతో రంగు పేలవం, వాసన మాత్రం ఇల్లంతా కమ్మగా ఉంటుంది. మామిడి టెంక లోపలి జీడి మంచి వగరు, ఇనుముతో కలిస్తే చక్కటి బూడిద రంగు ఇస్తుంది, ఆవకాయల కాలంలో అడిగిన ఇంటల్లా దొరుకుతుంది. నేరేడు పండ్ల తుక్కు కూడా కావాలనే వేసి చూశాను, ఎందుకంటే అందరూ దాని గురించే అడుగుతారు. ముంచి తీసిన రోజు ఊదా రంగు చూస్తే ఎవరైనా పడిపోతారు. కానీ అది పండు రసంలో ఉండే ఆంథోసయనిన్లు అనే పదార్థాల రంగు, నిమ్మరసం తగిలితే ఎర్రబడుతుంది, సోడా తగిలితే నీలంగా, ఆకుపచ్చగా మారుతుంది, అలాంటి రంగు ఉతుకులకీ ఎండకీ ఏం నిలుస్తుంది?

ఇది మాట వరసకి అనడం లేదు, పరీక్ష పెట్టాను. అట్ట మీద అన్ని రంగుల పీలికలు వరసగా అంటించి, సగం మీద మందపాటి అట్ట కప్పి, డాబా మీద పడమటి ఎండకి వదిలేశాను. మార్చి ఎండ. నేరేడు రంగు ముందుగా పోయింది, కప్పిన వైపు ఊదా, విప్పిన వైపు వెలిసిన బూడిద, మధ్యలో కత్తితో గీసినట్టు గీత. కరక్కాయ పెట్టిన దానిమ్మ పసుపు రెండు వైపులా తేడా వెతుక్కోవలసినంతగా నిలిచింది. ఇనుము ముంచినవి అసలు చలించలేదు. డొక్కల రంగు ఎండకి కొంచెం ముదిరింది కూడా. సహజ రంగుల పేరుతో ఎవరైనా బట్ట అమ్మితే ఈ అట్ట పరీక్ష చేశారా అని అడగండి, నిజాయితీగా పనిచేసేవాళ్ళు సంతోషంగా చూపిస్తారు.

పెదజాలారిపేటలో వల బాగుచేసుకుంటున్న ఒక తాతగారికి ఈ పీలికలు చూపిస్తే ఆయన డొక్కల రంగు ముక్క మీద వేలు పెట్టి, "మా నాన్నోళ్ళ నూలు వలలు ఈ రంగులోనే ఉండీవి అమ్మా. బెరడు కాచిన నీళ్ళలో ముంచీవోరు, లేపోతే ఉప్పు నీళ్ళకి కుళ్ళిపోవా?" అన్నారు. నైలాను రాకముందు నూలు వలలకి వగరు పట్టించడం మన తీరంలో మామూలు పనే, టానిన్లు నూలును త్వరగా కుళ్ళనివ్వవు. బట్టల రంగు గురించి అడగడానికి నేను ఎక్కడెక్కడికో వెళ్ళాలనుకున్నాను, మా ఇంటికి కూతవేటు దూరంలో తెలిసినవాళ్ళు ఉన్నారు. ఏటికొప్పాకకి కూడా వెళ్ళాను. అక్కడ అంకుడు కర్ర బొమ్మలకి రంగుల్ని లక్కలో కలుపుతారు, నీళ్ళలో కాచి ముంచే మన పద్ధతికి దానికి పోలిక లేదు, కానీ సహజ రంగుల్ని వాళ్ళు తిరిగి నిలబెట్టుకున్న పట్టుదల చూస్తే ధైర్యం వచ్చింది. ఆ పనికే అక్కడి కళాకారుడు సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ కూడా వచ్చింది.

ఎవరైనా మొదలుపెట్టాలనుకుంటే కొన్ని మాటలు. రంగు గిన్నెలు, గరిటలు వంటకి వాడకూడదు, విడిగా పెట్టుకోండి. అల్యూమినియం, ఇనుము గిన్నెలు రంగుని మార్చేస్తాయి, స్టీలుదే వాడండి. కరక్కాయ పొడి, పటిక పొడి కలిపేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఆకుపచ్చ బాగా వస్తుందని కొందరు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేయమంటారు, దయచేసి వద్దు, అది విషం, గెడ్డల్లోకి, అంటే వాగుల్లోకి పోతే చేపలు చస్తాయి, మన గెడ్డలన్నీ చివరికి సముద్రంలోకే కదా పోయేది. సహజ రంగు అని చెప్పుకుని ఆ నీళ్ళు వదలడం తప్పు. కాచి పిండేసిన తొక్కలు నేను ఎరువు తొట్టిలో వేస్తాను.

రంగు వేసిన బట్టను వారం రోజులు ఆరనిచ్చి అప్పుడు మొదటిసారి ఉతకండి. కుంకుడు రసం మంచిది, సోడా ఎక్కువుండే సబ్బుపొడితో పసుపు గోధుమలోకి దిగుతుంది. నీడపట్టున తిరగేసి ఆరేయాలి. ఇనుము ముంచిన బట్ట కట్టుకుని భోజనానికి కూర్చుంటే మాత్రం నిమ్మకాయ, చింతపండు పులుసు దగ్గర జాగ్రత్త, చుక్క పడిన చోట బూడిద రంగు విడిచిపెట్టేసి లేత మచ్చ పడుతుంది. పడితే వెంటనే నీళ్ళతో కడిగేయండి, ఆరాక ఆ ఒక్క చోట పలచటి దానిమ్మ కషాయం, తర్వాత అన్నభేది నీళ్ళు కుంచెతో అద్దితే చాలావరకు కలిసిపోతుంది. మా అత్తయ్య చీరకి మొన్న అలాగే చేశాను.